పరీక్షకే పరీక్ష

వానాకాలం మొదలైందంటే ప్రతి ఊళ్ళోనూ జ్వరాలు మొదలవుతాయి. రెండు రోజులు మాత్రలతో చూసి, తగ్గకపోతే మూడో రోజు ల్యాబ్‌కి వెళ్ళి రక్తం ఇచ్చి వస్తారు. సాయంత్రానికి కాగితం చేతికొస్తుంది. అందులో విడాల్ అన్న శీర్షిక కింద నాలుగు వరుసలు: టైఫై ‘ఓ’ 1:160, టైఫై ‘హెచ్’ 1:80, కింద పారాటైఫై ‘ఏహెచ్’, ‘బీహెచ్’. ఆ కాగితం ఇంటికి చేరేసరికి మాట మారిపోతుంది. “కొంచెం టైఫాయిడ్ ఉందంట” అంటారు.

టైఫాయిడ్ కొంచెం ఉండటమనేది లేదు. సాల్మొనెల్లా టైఫై అనే బ్యాక్టీరియా ఒంట్లో చేరి జబ్బు తెచ్చిందా లేదా అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకు కాగితం మీది అంకెలు నేరుగా జవాబు చెప్పవు. వాటిని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చడానికి వైద్యశాస్త్రంలో ఒక ప్రత్యేకమైన పని జరుగుతుంది. రోగిని పరీక్షించే పద్ధతినే పరీక్షకు పెట్టడం ఆ పని. మందులు ఎలా కనిపెట్టారో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. పరీక్షల మంచిచెడ్డలు ఎలా తేలుస్తారో చెప్పేవి తక్కువ. తప్పుడు మందు ఎంత నష్టం చేస్తుందో తప్పుడు పరీక్షా అంతే చేస్తుంది. దాని నష్టం కంటికి కనిపించదు కాబట్టి ఎక్కువ కాలం సాగుతుంది.

విడాల్ కథ 1896 నాటిది. అప్పటికి టైఫాయిడ్ క్రిమి తెలుసు. 1880లో ఎబర్త్ దాన్ని సూక్ష్మదర్శినిలో చూశాడు, 1884లో గాఫ్కీ ల్యాబ్‌లో పెంచాడు. 1896లో వియన్నాలో మాక్స్ గ్రూబర్, అతని దగ్గర పనిచేస్తున్న ఇంగ్లీషు యువకుడు హెర్బర్ట్ డర్హమ్ ఒక వింత చూశారు. ఒక క్రిమికి గురైన జంతువు రక్తంలోని సీరంలో అదే క్రిమిని కలిపితే క్రిములన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దలు కడుతున్నాయి. తెలిసిన సీరంతో తెలియని క్రిమిని గుర్తుపట్టవచ్చని వాళ్ళు అనుకున్నారు. పారిస్‌లో ఫెర్నాండ్ విడాల్ అదే సూత్రాన్ని తిరగేశాడు. తెలిసిన క్రిమిని తీసుకుని దాంట్లో రోగి సీరం కలిపితే రోగి ఒంట్లో ఏం జరిగిందో తెలుస్తుంది కదా! ఆ ఏడాది జూన్‌లోనే పారిస్ వైద్యుల సభలో ఆ సంగతి చెప్పాడు. జ్వరం చార్టూ, నాలుకా, పొట్టా చూసి టైఫాయిడ్‌ని ఊహించే రోజుల్లో ఒక చుక్క రక్తంతో జబ్బు పేరు చెప్పగలగడం గొప్ప సంగతే. ఆ గొప్పతనాన్ని తగ్గించాల్సిన పని లేదు. విడాల్ అడిగిన ప్రశ్న వేరు, నూట ముప్పై ఏళ్ళ తర్వాత మనం అదే పరీక్షను అడుగుతున్న ప్రశ్న వేరు.

ఇవాళ చిన్న ల్యాబ్‌లో ఈ పరీక్ష ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం. గుండ్రటి వలయాలు గీసిన తెల్లని పలక ఒకటి ఉంటుంది. సీరాన్ని పిపెట్‌తో ఒక్కో వలయంలో కొలిచి వేస్తారు: 80 మైక్రోలీటర్లు, 40, 20, 10, 5. ఒక్కోదాని మీద కిట్ సీసాలోంచి చంపిన బ్యాక్టీరియా ద్రవం ఒక చుక్క. చాలా కిట్లలో ‘ఓ’ ద్రవం నీలంగా, ‘హెచ్’ ద్రవం ఎర్రగా ఉంటుంది. పుల్లతో కలిపి, పలకను అటూ ఇటూ వంపుతూ ఒక్క నిమిషం తిప్పుతారు. ద్రవం నున్నగా ఉంటే నెగెటివ్. రవ్వరవ్వగా విరిగితే పాజిటివ్. 5 మైక్రోలీటర్ల వలయంలో కూడా విరిగితే 1:320, 10 మైక్రోలీటర్ల దగ్గర ఆగితే 1:160, 20 దగ్గర ఆగితే 1:80 అని రాస్తారు.

ఇందులో మనిషి కన్ను, చేయి, గడియారం మూడూ ఉన్నాయి. నిమిషం దాటి పలకను వదిలేస్తే అంచులు ఎండి రవ్వ కట్టినట్టు కనిపిస్తుంది. సన్నని రవ్వను ఒకరు ఉందంటారు, ఇంకొకరు లేదంటారు. గొట్టాల్లో సీరాన్ని అంచెలంచెలుగా పలచబరిచి, నీటి తొట్టిలో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి చదివే పాత పద్ధతి దీనికంటే నమ్మదగినది. అంత ఓపిక ఇప్పుడు చాలా ల్యాబ్‌లలో లేదు. రోగికీ సాయంత్రానికే కాగితం కావాలి.

పలకా చేయీ సవ్యంగా ఉన్నా అసలు చిక్కు అలాగే ఉంటుంది. ఈ పరీక్ష బ్యాక్టీరియాను వెతకదు. బ్యాక్టీరియా మీద శరీరం తయారుచేసిన యాంటీబాడీలను వెతుకుతుంది. అవి తయారవడానికి సమయం పడుతుంది. ‘ఓ’ రకం సుమారు వారానికి, ‘హెచ్’ రకం ఇంకా కొద్ది రోజులకు కనిపిస్తాయి. కాబట్టి మూడో రోజున చేయించిన విడాల్ నెగెటివ్ వస్తే టైఫాయిడ్ లేదని అనలేం. పాజిటివ్ వస్తే ఆ యాంటీబాడీలు ఈ జ్వరానివో, ఎప్పుడో వచ్చిపోయిన జ్వరానివో తెలియదు. పైగా ‘ఓ’ భాగం టైఫైకి ఒక్కదానికే సొంతం కాదు, సాల్మొనెల్లా కుటుంబంలో వేరే క్రిములకూ ఉంది. మలేరియా లాంటి జబ్బుల్లోనూ విడాల్ అంకెలు పైకి లేస్తాయి. కలుషితమైన నీళ్ళూ తిండీ మామూలైన చోట ఆరోగ్యంగా తిరుగుతున్న మనుషుల రక్తంలోనూ 1:80 కనిపించడం వింత కాదు. టైఫాయిడ్ దాదాపుగా లేని దేశంలో ఆ అంకెకున్న విలువ అందుకే మన దగ్గర లేదు. ఏ ప్రాంతంలో ఆరోగ్యవంతుల అంకె ఎంతో ముందు కొలిచి, దాని పైన గీత గీసుకోవాలి. ఇంకా నమ్మకం కావాలంటే వారం పది రోజుల ఎడంతో రెండుసార్లు రక్తం తీసి, అంకె నాలుగు రెట్లు పెరిగిందేమో చూడాలి. పాఠ్యపుస్తకాలు చెప్పేది ఇదే. ఆసుపత్రుల్లో అరుదుగా జరిగేదీ ఇదే, ఎందుకంటే రెండో రక్తం ఇచ్చే వేళకు రోగి కోలుకుని పనిలోకి వెళ్ళిపోయి ఉంటాడు.

ఒక పరీక్షను తూచాలంటే రెండు అంకెలు కావాలి. జబ్బున్న వంద మందిలో ఎంతమందిని పట్టుకుంటుంది అన్నది సున్నితత్వం. జబ్బు లేని వంద మందిలో ఎంతమందిని సరిగ్గా వదిలేస్తుంది అన్నది నిర్దిష్టత. ఈ రెంటినీ వైద్యంలో ఇలా విడదీసి స్థిరపరిచినవాడు జేకబ్ యెరుషల్మీ అనే అమెరికన్ గణాంకవేత్త. 1947లో ఛాతీ ఎక్స్‌రేలతో క్షయను గుర్తించే పద్ధతులను పోల్చడానికి కూర్చున్నప్పుడు ఆయనకు ఈ అవసరం పడింది. ఒకే ఫిల్మ్‌ను అనుభవమున్న ఇద్దరు డాక్టర్లు వేరువేరుగా చదువుతున్నారు. ఒకే డాక్టరు అదే ఫిల్మ్‌ను కొన్నాళ్ళ తర్వాత చూస్తే తన మాటకే తాను కట్టుబడటం లేదు. ఏ పద్ధతి మెరుగు అని అడగాలంటే ముందు తప్పులు రెండు రకాలని ఒప్పుకోవాలి. జబ్బున్నవాణ్ణి వదిలేయడం ఒక తప్పు, లేనివాడికి అంటగట్టడం ఇంకో తప్పు. ఒకదాన్ని తగ్గించబోతే సాధారణంగా రెండోది పెరుగుతుంది. విడాల్‌లో గీతను 1:80 నుంచి 1:160కి జరిపితే టైఫాయిడ్ లేనివాళ్ళు కొందరు తప్పించుకుంటారు, ఉన్నవాళ్ళు కొందరు జారిపోతారు.

ఇక్కడ చదువరులు ఒక లెక్క వేసుకోవాలని నా కోరిక. చాలామంది డాక్టర్లు కూడా తడబడే లెక్క ఇది. ఒక పరీక్ష సున్నితత్వం 80 శాతం, నిర్దిష్టతా 80 శాతం అనుకుందాం. జ్వరంతో వచ్చిన 1,000 మందిలో నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్ళు 50 మంది అనుకుందాం. ఆ యాభైలో 40 మందిని పరీక్ష పట్టుకుంటుంది. మిగతా 950 మందిలో 20 శాతం, అంటే 190 మంది, టైఫాయిడ్ లేకుండానే పాజిటివ్ అవుతారు. మొత్తం పాజిటివ్ కాగితాలు 230. వాటిలో నిజమైనవి 40. సుమారు ఆరుగురిలో ఒకరికే జబ్బు ఉంది, మిగతా ఐదుగురూ అవసరం లేని యాంటీబయాటిక్ మింగుతారు. అంతకంటే ఘోరం, వాళ్ళకున్న డెంగీయో స్క్రబ్ టైఫసో టైఫాయిడ్ పేరు చాటున దాక్కుంటుంది.

అదే పరీక్షను ఇంకోచోట పెడదాం. వారం దాటినా తగ్గని జ్వరం, మిగతా పరీక్షల్లో మరే కారణమూ దొరకలేదు, చుట్టుపక్కల నిర్ధారణ అయిన టైఫాయిడ్ కేసులు వస్తున్నాయి. అలాంటి 1,000 మందిలో 300 మందికి జబ్బు ఉందనుకుంటే 240 నిజమైన పాజిటివ్‌లు, 140 అబద్ధపువి. పాజిటివ్ వస్తే నిజమయ్యే అవకాశం 63 శాతానికి పెరిగింది. కిట్టు అదే, చేసిన చేయీ అదే. మారింది ఎవరికి చేశామన్నది ఒక్కటే. కాబట్టి “ఈ టెస్ట్ మంచిదేనా?” అని మాత్రమే అడిగితే జవాబు ఉండదు. జ్వరం వచ్చిన ప్రతివాళ్ళకూ రెండో రోజునే రాసిస్తే ఓ మోస్తరు పరీక్ష కూడా చెడ్డ పరీక్ష అవుతుంది.

సరే, ఆ 50 మందికి నిజంగా టైఫాయిడ్ ఉందని ముందుగా ఎవరు చెప్పారు? కొత్త పద్ధతిని ఏదో ఒక నమ్మకమైన పద్ధతితో పోల్చాలి. టైఫాయిడ్‌కి ఆ గీటురాయి బ్లడ్ కల్చర్. రక్తాన్ని పోషక ద్రవమున్న సీసాలోకి ఎక్కించి, ఒంటి వెచ్చదనంలో ఐదు రోజుల దాకా ఉంచుతారు. క్రిములు పెరిగితే తీసి పళ్ళెం మీద పరిచి పేరు తేలుస్తారు. ఎక్స్‌ఎల్‌డీ అనే ఎర్రని పోషక పదార్థం మీద టైఫై కాలనీలు నడుమ నల్లని చుక్కతో మొలుస్తాయి. టైఫై చర్మం మీద బతికే క్రిమి కాదు, పొరపాటున సీసాలోకి చేరేది కాదు. మొలిచిందంటే రోగి రక్తంలోంచి వచ్చిందే. పాజిటివ్ కల్చర్‌ను దాదాపు పూర్తిగా నమ్మవచ్చు.

నెగెటివ్ కల్చర్ విషయం వేరు. టైఫాయిడ్ రోగి రక్తంలో క్రిములు ఆశ్చర్యపోయేంత తక్కువ. తరచూ ఒక మిల్లీలీటరులో ఒకటి కూడా ఉండదు. చెరువంతా కలిపి పది చేపలే ఉంటే చిన్న వల ఒక్కసారి వేస్తే ఏం పడుతుంది? అందుకే పెద్దవాళ్ళ దగ్గర ఎనిమిది పది మిల్లీలీటర్ల రక్తం తీయాలి. రెండు మిల్లీలీటర్లు తీసి పంపితే ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా దండగే. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ రెండు మాత్రలు వేసుకుని వచ్చిన రోగిలో క్రిములు ఇంకా తగ్గిపోయి ఉంటాయి. ఇవన్నీ కలిసి బ్లడ్ కల్చర్ నిజమైన టైఫాయిడ్ కేసుల్లో ఇంచుమించు సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా మాత్రమే పట్టుకుంటుంది. ఎముక మూలుగలో క్రిములు రక్తంలోకంటే చాలా ఎక్కువ కాబట్టి మూలుగ కల్చర్ దీన్ని మించుతుంది. కానీ జ్వరం వచ్చిన ప్రతి పిల్లాడి తుంటి ఎముకలోకి సూది దించమని ఎవరూ అనలేరు.

దీంతో మూల్యాంకనం చేసేవాళ్ళకు ఒక విచిత్రమైన కష్టం వస్తుంది. కల్చర్ వదిలేసిన నిజమైన రోగిని కొత్త పరీక్ష పట్టుకుందనుకోండి. పట్టికలో దాన్ని అబద్ధపు పాజిటివ్ కిందే రాస్తారు, ఎందుకంటే గీటురాయి లేదంది. మెరుగైన పరీక్ష తన మెరుగుదనానికే శిక్ష అనుభవిస్తుంది. దీనికి మందుగా పరిశోధకులు కల్చర్‌తో పాటు మిగతా పరీక్షలూ లక్షణాలూ కలిపి ఉమ్మడి ప్రమాణం కడతారు. లేదా ఏ పరీక్షనూ నూరు శాతం నమ్మకుండా, అన్నీ తప్పులు చేసేవేనని ముందే ఒప్పుకుని, వాటి మధ్య పొంతన నుంచి నిజాన్ని లెక్కగట్టే గణితం వాడతారు. టైఫాయిడ్‌కి వచ్చిన ట్యూబెక్స్, టైఫిడాట్ లాంటి రాపిడ్ కిట్ల మీద 2017లో కాక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసింది. ట్యూబెక్స్ సగటు సున్నితత్వం 78 శాతం, నిర్దిష్టత 87 శాతం దగ్గర తేలాయి. విడాల్ స్థానంలో కూర్చోబెట్టి కల్చర్‌ను పక్కన పెట్టగలిగే అంకెలు కావివి.

ఎవరి మీద పరీక్షించారన్న ప్రశ్న దగ్గరే అన్నిటికంటే ఎక్కువ మోసం జరుగుతుంది. కల్చర్‌లో తేలిన టైఫాయిడ్ రోగులు ఒక పక్క, రక్తదానానికి వచ్చిన ఆరోగ్యవంతులు ఇంకో పక్క నిలబెడితే దాదాపు ప్రతి కిట్టూ మెరుస్తుంది. ఆసుపత్రిలో డాక్టరు ముందు కూర్చునేది ఆరోగ్యవంతుడు కాడు, జ్వరంతో ఉన్నవాడే. టైఫాయిడ్ జ్వరాన్ని డెంగీ జ్వరం నుంచి విడదీయగలదా అన్నదే ఆ డాక్టరుకు కావలసిన సంగతి. 1978లోనే రాన్సహాఫ్, ఫైన్‌స్టీన్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు ఈ లోపాన్ని స్పష్టంగా ఎత్తి చూపారు. ముదిరిన రోగులనూ నిండు ఆరోగ్యవంతులనూ పోల్చి పొగిడిన పరీక్షలు మామూలు రోగుల దగ్గరికి వచ్చేసరికి చతికిలబడతాయన్నారు.

ఆ హెచ్చరిక ఎంత నిజమో భారతదేశం క్షయ విషయంలో చూసింది. రక్తంలో యాంటీబాడీలు చూసి క్షయ ఉందో లేదో చెప్పే కిట్లు ఏళ్ళ తరబడి ప్రైవేటు ల్యాబ్‌లలో జోరుగా నడిచాయి. తెమడ తీయించాల్సిన పని లేదు, సూక్ష్మదర్శినితో కుస్తీ లేదు, ఒక చుక్క సీరం చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటి మీది అధ్యయనాలన్నీ పోగుచేసి చూసింది. ఊపిరితిత్తుల క్షయలో సున్నితత్వం ఒక అధ్యయనంలో 0 శాతం, మరోదానిలో 100 శాతం. నిర్దిష్టత 31 నుంచి 100 శాతం దాకా. ఇంత విస్తారంగా ఊగే అంకెలు ఆ పద్ధతికి కాళ్ళే లేవని చెబుతాయి. ఏడాదికి పది లక్షలకు పైగా ఇలాంటి పరీక్షలు జరుగుతున్నాయనీ, చాలా కిట్లు యూరప్, ఉత్తర అమెరికాల్లో తయారైనా గుర్తింపు పొందిన ఏ నియంత్రణ సంస్థా వాటిని ఆమోదించలేదనీ ఆ సంస్థే ప్రకటించింది. 2011 జులైలో వీటిని వాడవద్దని చెప్పింది. క్షయ విషయంలో ఒక పద్ధతిని వద్దని ఆ సంస్థ సిఫారసు చేయడం అదే మొదటిసారి. 2012 జూన్‌లో మన ప్రభుత్వం ఆ కిట్ల తయారీ, దిగుమతి, అమ్మకం నిషేధించింది. అప్పటిదాకా లేని క్షయకు ఆరు నెలల మందులు మింగినవాళ్ళూ, ఉన్న క్షయను లేదనిపించుకుని ఇంట్లో పిల్లలకు అంటించినవాళ్ళూ ఎందరో లెక్క తీసేవాళ్ళు లేరు. ఆ నష్టం తలుచుకుంటే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే దాన్ని ఆపడానికి కొత్త విజ్ఞానమేదీ అక్కర్లేదు. అమ్మకానికి ముందు సరైన రోగుల మీద సరిగ్గా తూచి ఉంటే చాలేది.

అదే క్షయలో, అవే సంవత్సరాల్లో, సరిగ్గా తూచిన పరీక్ష కూడా వచ్చింది. తెమడను కాట్రిడ్జ్‌లో పోసి యంత్రంలో పెడితే రెండు గంటల్లోపు క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని పట్టుకుని, రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో కూడా చెప్పే ఎక్స్‌పర్ట్ పరీక్ష అది. మన ప్రభుత్వాసుపత్రుల్లో సీబీనాట్ అంటే ఇదే. 2010లో వెలువడిన దాని పెద్ద మూల్యాంకనం లిమా, బాకూ, కేప్‌టౌన్, డర్బన్, ముంబైలలో క్షయ అనుమానంతో వచ్చిన 1,730 మంది మీద జరిగింది. ఆరోగ్యవంతులను పక్కన నిలబెట్టలేదు, దగ్గుతో వచ్చినవాళ్ళనే తీసుకున్నారు. సూక్ష్మదర్శినిలోనే క్రిములు కనబడిన రోగుల్లో 98.2 శాతాన్ని పట్టుకుంది. కనబడనివాళ్ళలో ఒక్క పరీక్షతో 72.5 శాతాన్ని, మూడుసార్లు చేస్తే 90.2 శాతాన్ని. నిర్దిష్టత 99.2 శాతం. నాకు ఇందులో నచ్చింది 98 కాదు, 72. తేలిక కేసుల్లో వచ్చిన గొప్ప అంకె వెనక కష్టమైన కేసులను దాచకుండా విడిగా చూపించారు. ఆ తెలివిడి వల్లే డాక్టర్లు ఒక నెగెటివ్ చూసి రోగిని ఇంటికి పంపకుండా ఇంకో తెమడ తెప్పించుకోవడం నేర్చుకున్నారు.

పెద్ద అధ్యయనంలో నెగ్గిన పద్ధతి మన ఊరి ఆసుపత్రిలోనూ అలాగే పనిచేస్తుందన్న హామీ లేదు. కిట్లు ఎండలో లారీలో ప్రయాణిస్తాయి, కరెంటు పోతుంది, ఫ్రిజ్ వేడెక్కుతుంది, మనుషులు అలసిపోతారు. అందుకని మంచి ల్యాబ్ కొత్త పద్ధతి తెచ్చుకున్నప్పుడు జవాబు ముందే తెలిసిన నమూనాలను దాంతో చేసి చూసుకుంటుంది. ఆ తర్వాత కూడా రోజూ తెలిసిన విలువ ఉన్న కంట్రోల్ నమూనాను రోగుల నమూనాలతో పాటు నడిపి, ఫలితాన్ని గీత మీద చుక్కగా పెడుతుంది. ఫ్యాక్టరీ సరుకు నాణ్యత కోసం షూహార్ట్ అనే ఇంజనీరు 1920లలో గీసిన పటాలను 1950లో లెవీ, జెన్నింగ్స్ అనే ఇద్దరు ఆసుపత్రి ల్యాబ్‌లోకి తెచ్చారు. చుక్కలు వరసగా ఒక పక్కకే జారుతుంటే యంత్రమో రసాయనమో చెడుతోందని రోగికి కీడు జరగకముందే తెలుస్తుంది. కల్చర్ చేసే ల్యాబ్‌లో చూడాల్సిన అంకె ఇంకొకటి ఉంది. చర్మం మీది క్రిములు సూదితో పాటు సీసాలోకి చేరి మొలిచిన కల్చర్‌లు మూడు శాతం దాటకూడదన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత. దాటిందంటే లోపం యంత్రంలో లేదు, రక్తం తీసే ముందు చర్మం తుడిచి ఆరనివ్వడంలో ఉంది.

చివరికి అడగాల్సింది ఇంకొకటి మిగిలింది: ఫలితం చేతికొచ్చాక రోగి వైద్యంలో ఏం మారుతుంది? విడాల్ ఎంత సరిగ్గా వచ్చినా ఏ మందు పనిచేస్తుందో చెప్పలేదు. 2016 చివర్లో పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో, మన హైదరాబాద్ పేరే ఉన్న ఇంకో నగరంలో, టైఫాయిడ్ కొత్త రూపంలో విరుచుకుపడింది. క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ మొదలుకొని సిప్రోఫ్లాక్సాసిన్, సెఫ్ట్రియాక్సోన్ దాకా వేటికీ లొంగలేదు. నోటి మాత్రల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. ఆ సంగతి బయటపెట్టింది సీసాలో మొలిచి, మందు బిళ్ళల మధ్య పళ్ళెం మీద పరచిన క్రిములే.

మన జిల్లా ఆసుపత్రుల్లో కల్చర్‌కు చోటు పెరగాలని నేను గట్టిగా కోరుకునేది అందుకే. దానికి కావలసినవి సీసాలు, ఒక ఇంక్యుబేటర్, పళ్ళెం చదవడం తెలిసిన మైక్రోబయాలజిస్టు. వీటికంటే ముందు, మొదటి యాంటీబయాటిక్ డోసు వేయకముందే పది మిల్లీలీటర్ల రక్తం తీసే నర్సు. పెరిగే క్రిమి ఉంటే చాలాసార్లు రెండు మూడు రోజుల్లోనే సీసా పాజిటివ్ అవుతుంది, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో ఏ మందుకు లొంగుతుందో తెలుస్తుంది. ఈలోగా డాక్టరు మొదలుపెట్టిన మందు సరైనదైతే కొనసాగుతుంది, కాకపోతే మారుతుంది.